కొరతను అమ్మే అంగడి
వీడియో గేముల్లో అదనపు కొనుగోళ్ళు: తృష్ణ గురించి ఒక పాఠం





తృష్ణ గురించి మాట్లాడినప్పుడల్లా మనం సారా, పేకాట, బంగారం, పెళ్ళి ఖర్చులు ఉదాహరణగా చెప్పుకుంటాం. అవన్నీ పెద్దవాళ్ళకు సంబంధించినవి. పదో తరగతి చదివే పిల్లాడికి, డిగ్రీలో ఉన్న తమ్ముడికి తృష్ణ ఇవాళ ఏ రూపంలో ఎదురవుతోంది? చేతిలో ఉన్న ఫోన్‌లో, ఆడుతున్న గేమ్‌లో, "ఇప్పుడే కొనండి" అనే ఒక మీట రూపంలో ఎదురవుతోంది.

దీని మీద మన ఇళ్ళల్లో రెండు మాటలే వినపడతాయి. "ఆ దరిద్రపు ఫోన్ పగలగొడితే పీడా పోతుంది" అని నాన్న అంటాడు. "గేమ్ ఫ్రీయే కదా, నేను కొన్నది ఒక్క పాసే కదా" అని కొడుకు అంటాడు. ఇద్దరూ అసలు సంగతి చూడటం లేదు. దుఃఖం ఉందంటే దానికి కారణం ఉంటుంది, ఆ కారణాన్ని చూడాలి అని కదా మనం నేర్చుకున్నది. అందుకని ఈ పాఠంలో ఆటను తిట్టం, ఆడేవాళ్ళనూ తిట్టం. ఆ అంగడి ఎలా నడుస్తుందో చూద్దాం.

1. డీఎల్‌సీ అంటే ఏమిటి?

డీఎల్‌సీ అంటే డౌన్‌లోడబుల్ కంటెంట్. గేమ్ కొన్న తర్వాత, లేదా ఉచితంగా ఎక్కించుకున్న తర్వాత, విడిగా డబ్బు కట్టి దించుకునే అదనపు సరుకు. కొత్త కథ కావచ్చు, కొత్త పాత్ర కావచ్చు, తుపాకీకి రంగు కావచ్చు, బొమ్మకు వేసే చొక్కా కావచ్చు. ఆ చొక్కాలనూ రంగులనూ పిల్లలు "స్కిన్" అంటారు.

మొదట్లో ఇది ఇంత చిల్లర వ్యాపారం కాదు. 1990లలో ఒక గేమ్ బాగా ఆడితే, తయారుచేసినవాళ్ళు మరో ఏడాది పని చేసి ఇంకో పెద్ద భాగం తయారుచేసేవాళ్ళు. అది కూడా డబ్బాలో పెట్టి దుకాణంలో అమ్మేవాళ్ళు. కొత్త పని చేశారు, కొత్త ధర అడిగారు. అందులో తగాదా ఏమీ లేదు.

ఇంటర్నెట్ ప్రతి ఇంటికీ వచ్చాక దారి మారింది. డబ్బా అక్కర్లేదు, దుకాణం అక్కర్లేదు. ఎంత చిన్న ముక్కనైనా విడిగా అమ్మొచ్చు. 2006 ఏప్రిల్‌లో బెథెస్డా అనే అమెరికన్ కంపెనీ తన "ఆబ్లివియన్" గేమ్‌లో గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అప్పటి లెక్కలో మన నూట పది రూపాయల పైమాట. దాని వల్ల కథ ఏమీ ముందుకు కదలదు, గుర్రం మెరుస్తుంది అంతే. ఆడేవాళ్ళు వెక్కిరించారు. వెక్కిరించినా ఆ కవచం అమ్ముడుపోయింది. గేములు ఆడేవాళ్ళు ఈనాటికీ ఆ గుర్రం కవచాన్ని తలుచుకుంటారు, ఎందుకంటే ఆ తర్వాత వచ్చినదంతా ఆ దారిలోనే వచ్చింది.

2. ఆడేవాళ్ళకు కోపం ఎందుకు వస్తుంది?

"ఇష్టం లేకపోతే కొనకు, ఎవరు బలవంతం చేశారు?" అని కంపెనీల తరఫున మాట్లాడేవాళ్ళు అంటారు. మాట సబబుగానే వినిపిస్తుంది. కానీ కోపం వచ్చింది ధర చూసి మాత్రమే కాదు. ఐదు రకాల ఫిర్యాదులు చూడండి.

మొదటిది, కోసి దాచిపెట్టడం. 2012లో క్యాప్‌కామ్ కంపెనీ "స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్" విడుదల చేసింది. జనం కొన్న డిస్కులోనే 12 పాత్రలు తాళం వేసి ఉన్నాయని బయటపడింది. తాళం తీయడానికి మళ్ళీ డబ్బు కట్టాలి. అదే ఏడాది "మాస్ ఎఫెక్ట్ 3" వచ్చింది. కథకు చాలా ముఖ్యమైన ఒక పాత్రను విడుదలైన రోజునే విడిగా పది డాలర్లకు పెట్టారు. "అసురాస్ రాథ్" అనే ఇంకో గేమ్‌లో అసలు ముగింపునే తర్వాత అమ్మారు. సినిమా టికెట్ కొని లోపలికి వెళితే, క్లైమాక్స్‌కు ఇంకో టికెట్ అన్నట్టు.

రెండోది, కావాలని విసిగించడం. 2017 నవంబరులో ఈఏ కంపెనీ "స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2" తెచ్చింది. డార్త్ వేడర్ వంటి పాత్ర దక్కాలంటే సుమారు 40 గంటలు ఆడాల్సి వస్తుందని ఆడేవాళ్ళు లెక్క కట్టారు. అంత ఓపిక లేకపోతే డబ్బు పెట్టి పెట్టెలు కొనుక్కుని, అదృష్టం బాగుంటే తొందరగా చేరుకోవచ్చు. అలా కష్టపడితేనే మీకు సాధించామన్న తృప్తి కలుగుతుందని కంపెనీ సమాధానం చెప్పింది. ఆ సమాధానానికి ఇంటర్నెట్‌లో ఆరు లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడ్డాయి, అది గిన్నిస్ రికార్డయింది. విడుదలకు ముందురోజు కంపెనీ ఆ అమ్మకాలను ఆపేసింది. జనం కలిసి అడిగితే ఏమవుతుందో చూడండి.

మూడోది, జూదం. లూట్ బాక్స్ అంటే లోపల ఏముందో తెలియని పెట్టె. డబ్బు కట్టాకే తెరుచుకుంటుంది. మన ఊళ్ళో కిరాణా కొట్టు దగ్గర పిల్లలు చించే లక్కీ చీటీ గుర్తుందా? అదే ఇది, దీపాలు, చప్పుళ్ళు కలిపారు. 2018 ఏప్రిల్‌లో బెల్జియం జూద నియంత్రణ సంస్థ మూడు పేరున్న గేముల్లోని లూట్ బాక్సులు జూదమేనని, అవి చట్టవిరుద్ధమని తేల్చింది. అందులో "ఫిఫా 18" ఒకటి.

నాలుగోది, ముక్కలు చేసి అమ్మడం. "ద సిమ్స్ 4" అనే గేమ్ 2022 అక్టోబరు నుంచి ఉచితం. కానీ దానికి విడిగా అమ్మే ప్యాకులన్నీ కొంటే వెయ్యి డాలర్లు దాటుతుంది. గడప దాటడం ఉచితం, లోపల ప్రతి గదికీ టికెట్.

ఐదోది, కొన్నది మనది కాకపోవడం. యూబీసాఫ్ట్ కంపెనీ 2014లో "ద క్రూ" అనే కార్ల గేమ్ అమ్మింది. 2024 మార్చి 31న దాని సర్వర్లు ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళు ఆ తర్వాత ఒంటరిగా కూడా ఆడుకోలేకపోయారు. గేమూ పోయింది, దాని మీద కొన్న అదనపు కార్లూ పోయాయి. ఈ అన్యాయం మీద మొదలైన "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" ఉద్యమానికి యూరప్‌లో పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి.

మన దగ్గర కూడా ఇలాంటిది జరిగింది. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించింది. అక్టోబరు 30న దాని సర్వర్లు మన దేశానికి ఆగిపోయాయి. మరుసటి ఏడాది జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది, పాత ఖాతాలోని సరుకును మార్చుకోనిచ్చింది. మంచిదే. కానీ మధ్యలో ఎనిమిది నెలలు ఆ స్కిన్లు ఎవరివి? డబ్బు పెట్టినవాడి చేతిలో ఏముంది? నిషేధం మంచిదా చెడ్డదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మనం వాటిని కొనలేదు, ఎవరో తలుపు మూసేదాకా చూసుకునే అనుమతి మాత్రం తీసుకున్నాం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఈ సంగతిని దాచకుండా చెప్పి అమ్మాలని 2024లో చట్టం చేసింది.

ఈ ఐదింటినీ కలిపి చూడండి. ఏ ఒక్కటీ "ధర ఎక్కువ" అనే ఫిర్యాదు మాత్రమే కాదు. ముందు ఒక కొరతను పుట్టించి, తర్వాత దానికి మందు అమ్ముతున్నారు. ఈ పాఠానికి మూలం ఇదే.

3. కొరతను ఎలా తయారుచేస్తారు?

ఇది మనం ఊహించి అంటున్న మాట కాదు. 2017 అక్టోబరులో యాక్టివిజన్ అనే కంపెనీకి ఒక పేటెంట్ దక్కింది. కొత్తగా ఆడేవాడిని, మంచి ఆయుధం కొనుక్కున్న ఆటగాడికి ఎదురుగా ఎలా పెట్టాలి, ఓడిపోయిన కొత్తవాడికి ఆ ఆయుధం కొనాలని ఎలా అనిపించాలి అన్నది అందులో రాసుకున్నారు. దీన్ని ఏ గేమ్‌లోనూ వాడలేదని కంపెనీ చెప్పింది. వాడలేదనే అనుకుందాం. కానీ ఇలా ఆలోచించి, కాగితం మీద పెట్టి, హక్కు కోసం దరఖాస్తు చేశారు కదా. కొనాలన్న కోరిక వాడి మనసులో దానంతట అదే పుట్టనక్కర్లేదు, పుట్టించొచ్చు అని ఆ కాగితమే చెబుతోంది.

ఇక రోజూ కనిపించే ఉపాయాలు చూడండి.

రూపాయిని మాయం చేయడం. గేమ్‌లో రూపాయల్లో ధర ఉండదు. బీజీఎంఐలో యూసీ, ఫ్రీ ఫైర్‌లో డైమండ్లు, ఫోర్ట్‌నైట్‌లో వీ-బక్స్. ముందు రూపాయలు పెట్టి వీటిని కట్టలుగా కొనాలి, తర్వాత వీటితో సరుకు కొనాలి. కావలసిన వస్తువు ధర, అమ్మే కట్ట సైజు చాలాసార్లు సరిపోవు. కొంత మిగులుతుంది. మిగిలింది వృథా పోతుందని ఇంకో కట్ట. జాతరలో రంగులరాట్నం దగ్గర ముందు టోకెన్లు కొనిపించినట్టే. చేతిలో నోటు కనిపించకపోతే ఖర్చు కూడా కనిపించదు.

గడువు పెట్టడం. "ఈ సీజన్ పాస్ మూడు రోజులే." "ఈ వేషం మళ్ళీ రాదు." బజారులో అమ్మకం సరుకు తక్కువై ఆగుతుంది. ఇక్కడ సరుకు కంప్యూటర్‌లో ఉన్న బొమ్మ, ఎన్ని కాపీలైనా వస్తాయి. అయినా గడువు ఉంటుంది. ఎందుకంటే మనిషి ఆలోచించుకునేలోపు కొనేయాలి.

కూలి చేయించడం. పాస్ కొన్నంత మాత్రాన బహుమతులన్నీ రావు. రోజూ ఆడి, చెప్పిన పనులు పూర్తి చేస్తేనే వస్తాయి. ఆడకపోతే కట్టిన డబ్బు దండగ. అంటే డబ్బు మనమే ఇచ్చి, కూలికి మనమే పోతున్నాం. పరీక్షల ముందు రాత్రి కూడా పిల్లాడు ఆడుతున్నాడంటే సరదా కోసమే ఆడుతున్నాడనుకోకండి. "కట్టింది పోతుంది" అన్న దిగులుతో ఆడుతూ ఉండొచ్చు.

సిగ్గుపడేలా చేయడం. ఇది మనం జాగ్రత్తగా వినాల్సిన సంగతి. ఏ స్కిన్నూ కొనకుండా గేమ్ ఇచ్చిన మామూలు బొమ్మతో ఆడే పిల్లాడిని తోటివాళ్ళు "డిఫాల్ట్" అని, "నూబ్" అని, "బాట్" అని ఎగతాళి చేస్తారు. ఫోర్ట్‌నైట్ ఆడే పిల్లల్లో "డిఫాల్ట్" అన్నది ఒక తిట్టు అయిపోయింది. జట్టులోకి తీసుకోరు, మాట్లాడితే మైకు కట్టేస్తారు.

పుట్టుకతో అంటగట్టిన తక్కువతనం ఏమిటో మన పెద్దలకు తెలుసు. ఇది అదే అని నేను అనను. కులాన్ని డబ్బు పెట్టి వదిలించుకోలేం, ఈ తిట్టును వదిలించుకోవచ్చు. రెండింటి బరువూ ఒకటి కాదు. కానీ మనిషి ఆటను చూడకుండా, మాటను చూడకుండా, ఒంటి మీద వేషాన్ని చూసి ఎక్కువ తక్కువలు లెక్కగట్టే చూపు ఒకటే. క్లాసులో ఇప్పటికే ఒక రకం చూపు భరిస్తున్న మన పిల్లాడు, "ఇక్కడైనా నేను ఎవరికీ తీసిపోను" అనుకుని ఆ వేషం కొంటాడు. అందుకే వాడిని "తిన్నది అరక్క" అని తిట్టే ముందు ఒక్క క్షణం ఆగండి. వాడు చొక్కా కోసం డబ్బు కట్టలేదు, గౌరవం కోసం కట్టాడు. గౌరవం అక్కడ దొరకదని వాడికి ప్రేమగా చెప్పాల్సింది మనమే.

4. ధమ్మం ఏమి చెబుతుంది?

మహానిదాన సుత్తంలో బుద్ధుడు ఆనందుడికి ఒక వరుస చెప్పాడు. తృష్ణ వల్ల వెతుకులాట, వెతుకులాట వల్ల లాభం, దాని వల్ల ఎంపికలు, మోహం, పట్టుకోవడం, "ఇది నాది" అనుకోవడం, లోభం, చివరికి కాపలా కాయడం. కాపలా దగ్గర కర్రలు, గొడవలు, అబద్ధాలు మొదలవుతాయి.

ఈ వరుసను ఒక ఇంట్లోకి తెచ్చి చూడండి. స్నేహితుడి బొమ్మ మీద కొత్త వేషం చూశాడు, తనకూ కావాలనిపించింది. యూసీ ఎక్కడ తక్కువకు దొరుకుతుందో వెతికాడు. అమ్మ ఫోన్‌లో యూపీఐ పిన్ తెలుసు, కొన్నాడు. ఈ వేషం సరే, దీనికి జోడు తుపాకీ రంగు కావాలి. ఖాతా నిండింది. ఇప్పుడు ఆ ఖాతా పోతుందేమోనని భయం. పాస్‌వర్డ్ అడిగిన తమ్ముడిని కొట్టాడు. డబ్బులేవని అమ్మ అడిగితే అబద్ధం చెప్పాడు. మొదట్లో ఒక చొక్కా, చివర్లో దెబ్బ, అబద్ధం, అడక్కుండా తీసుకున్న డబ్బు. పంచశీలలో రెండు శీలాలు ఒక్క సాయంత్రంలో పోయాయి. పిల్లాడు చెడ్డవాడని కాదు, ఆ వరుస అలా నడుస్తుంది.

అయితే ధమ్మం సరదాను కాదనలేదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కొందరు ధమ్మం అంటే అన్నీ మానేయడం అనుకుంటారు. బుద్ధుడు పేదరికాన్ని గొప్పగా పొగడలేదని బాబాసాహెబ్ మనకు గుర్తు చేశారు. సిగాలోవాద సుత్తంలో గృహస్థుడి సంపాదనను నాలుగు భాగాలు చేసుకోమని ఉంది. ఒక భాగం అనుభవించడానికి, రెండు భాగాలు పనికి పెట్టుబడిగా, నాలుగోది ఆపదకు దాచుకోవడానికి. అనుభవించడానికి ఒక భాగం ఉందని గమనించండి. ఆ భాగంలోంచి ఒక మంచి గేమ్ కొనుక్కుంటే తప్పేమీ లేదు. ఫీజు డబ్బులోంచి, అప్పు తెచ్చిన డబ్బులోంచి, ఆపదకు దాచిన డబ్బులోంచి పోతేనే తప్పు. గృహస్థుడి నాలుగు సుఖాల్లో అప్పు లేని సుఖాన్ని కూడా బుద్ధుడు లెక్కపెట్టాడు. వడ్డీల బాధ తరతరాలుగా చూసిన మనకు ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు. అదే సుత్తం సంపద పోయే ఆరు దారుల్లో జూదాన్ని ఒకటిగా చెబుతుంది. లూట్ బాక్స్ ఆ దారిలోదే.

5. అమ్మేవాడి ధమ్మం

కొనేవాడి తృష్ణ గురించే మాట్లాడి ఆగిపోతే సగం పాఠమే అవుతుంది. తప్పంతా పిల్లాడి మీద వేసినట్టూ అవుతుంది. అష్టాంగ మార్గంలో సమ్మా ఆజీవ, అంటే సరైన జీవనోపాధి, కూడా ఉంది. ఎదుటివాడి బలహీనత మీద బతకడం సరైన బతుకు కాదు.

అలాగని డీఎల్‌సీ అమ్మే ప్రతివాడూ మోసగాడు కాదు. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ కంపెనీ 2015లో "ద విచర్ 3" తెచ్చింది. 16 చిన్న అదనపు భాగాలను కొన్నవాళ్ళందరికీ ఉచితంగా ఇచ్చింది. ఆ తర్వాత రెండు పెద్ద కథలను మాత్రం ధర పెట్టి అమ్మింది. రెండోది 2016 మేలో వచ్చిన "బ్లడ్ అండ్ వైన్". అందులో కొత్త ప్రాంతమే ఉంది, గంటల కొద్దీ కొత్త కథ ఉంది. దాన్ని జనం సంతోషంగా కొన్నారు. "నో మ్యాన్స్ స్కై" 2016లో చెప్పిన మాట నిలబెట్టుకోలేదని తిట్లు తిన్నది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి పెద్ద మార్పులను ఉచితంగానే ఇస్తూ వచ్చింది.

తేడా ఎక్కడ? శ్రమ చేసి, ఆ శ్రమకు ధర అడగడం న్యాయం. శ్రమకు విలువ కట్టాలని మనకంటే గట్టిగా ఎవరు అడుగుతారు? ఉన్నదాన్ని కోసి దాచి, విసిగించి, సిగ్గుపరిచి అడగడం న్యాయం కాదు. ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్‌లో, బెంగళూరులో గేమ్ స్టూడియోల్లో చేరుతున్న మన పిల్లలు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. రేపు ఆ మీట ఎక్కడ పెట్టాలో నిర్ణయించే బల్ల దగ్గర వాళ్ళే కూర్చుంటారు.

6. చట్టం ఎంతవరకు తోడు?

2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్ కంపెనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 52 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది. అందులో 24.5 కోట్లు అనుకోకుండా కొనిపించినందుకు జనానికి తిరిగి ఇవ్వడానికి. ఒక్క మీట పొరపాటున తగిలినా డబ్బు పోయేలా ఉందని, పెద్దవాళ్ళ అనుమతి లేకుండానే పిల్లలు కొనగలిగారని కమిషన్ ఆరోపణ.

మన దేశంలో 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ "డార్క్ ప్యాటర్న్స్" మీద మార్గదర్శకాలు ఇచ్చింది. లేని తొందర పెట్టడం, కొనకపోతే సిగ్గుపడేలా మాట్లాడటం, పదేపదే విసిగించడం, ధరను చివరిదాకా దాచడం వంటి 13 రకాల పద్ధతులు తప్పని అందులో ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. అది డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలను నిషేధిస్తుంది. స్కిన్లు, పాసులు అమ్మడాన్ని ఆపదు. కాబట్టి "చట్టం వచ్చింది, ఇక భయం లేదు" అనుకోకండి.

చేతిలో పెట్టుకోవలసినవి ఇవి. పిల్లలు తెలియక కొంటే 48 గంటల లోపు గూగుల్ ప్లేలో వాపసు అడగండి. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు ప్లే స్టోర్ సెట్టింగుల్లో ఉంది, పెట్టుకోండి. యూపీఐ పిన్ పిల్లలకు చెప్పకండి, చెప్పి ఉంటే ఇవాళే మార్చండి. కంపెనీ వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తక్కువకే యూసీ ఇస్తాం, డైమండ్లు ఇస్తాం అని ఎవరైనా డబ్బు కాజేస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

7. ఇంట్లో ఏం చేద్దాం?

ముందు, ఒకసారి పిల్లాడి పక్కన కూర్చుని ఆ గేమ్ చూడండి. "ఏరా, ఇది ఏంటి, ఎట్లా ఆడతావు?" అని అడగండి. ఫోన్ లాక్కుంటే వాడు స్నేహితుడి ఫోన్‌లో ఆడతాడు, మీకు తెలియకుండా ఆడతాడు. పక్కన కూర్చుంటే మీతో మాట్లాడతాడు.

తర్వాత, కొనే ముందు నాలుగు ప్రశ్నలు అలవాటు చేయండి.

ఒకటి: ఇది చూడకముందు నాకు ఇది కావాలనిపించిందా?
రెండు: ఇందులో కొత్త శ్రమ ఉందా, లేక నాకు రావలసిందే దాచి అమ్ముతున్నారా?
మూడు: ఇది రూపాయల్లో ఎంత? ఆ డబ్బు నాలుగు భాగాల్లో ఏ భాగంలోది?
నాలుగు: వారం ఆగితే ఏం పోతుంది?

మొదటి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. ఒక తల్లీ కొడుకూ ఇలా మాట్లాడుకోవచ్చు:

"అమ్మా, ఈ పాస్ ఇంక మూడు రోజులే ఉంటది. కొనియ్యవా?"
"నిన్న పొద్దున నీకిది కావాలనిపించిందారా?"
"నిన్న లేదుగా, ఇవాళే వచ్చింది."
"మరి నిన్న ఆట బాగా లేదా?"
"బానే ఉంది..."
"అయితే కొరత నీది కాదు నాన్నా. వాళ్ళు తెచ్చి నీ చేతిలో పెట్టారు. ఆదివారం దాకా ఆగు. అప్పటికీ కావాలనిపిస్తే మళ్ళీ మాట్లాడుకుందాం."

ఆదివారానికి ఆ కోరిక చాలాసార్లు వెళ్ళిపోతుంది. ఒక్కోసారి ఉంటుంది. ఉంటే, ఇంట్లో వీలుంటే, కొనివ్వండి. కోరిక రావడం, ఉండడం, పోవడం వాడు తన కళ్ళతో చూస్తాడు. అనిత్యం గురించి పది ప్రసంగాలు విన్నదానికంటే ఇది ఎక్కువ.

యువకులకు ఒక మాట. మీ జట్టులో మామూలు బొమ్మతో ఆడే తమ్ముడిని ఎవరైనా "డిఫాల్ట్" అంటే, మీరు నవ్వకండి. "వాడు నా జట్టు" అనండి. ఒక్కడు అలా అంటే ఆ తిట్టుకు పదును పోతుంది. తిట్టుకు పదును పోతే ఆ చొక్కాకు ధర కూడా పోతుంది.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఇంట్లో గేముల మీద గత నెల ఎంత ఖర్చయింది? రూపాయల్లో లెక్క వేసి చూడండి.
2. పాత రోజుల్లో గేమ్‌కు కొత్త భాగం అమ్మడానికీ, డిస్కులో ఉన్న పాత్రకు తాళం వేసి అమ్మడానికీ తేడా ఏమిటి?
3. గేమ్ కాకుండా, ముందు కొరత పుట్టించి తర్వాత సరుకు అమ్మే వ్యాపారాలు మన చుట్టూ ఇంకేమి ఉన్నాయి?
4. వేషం చూసి మనిషిని తక్కువ చేయడం మీ పిల్లల స్నేహాల్లో ఎక్కడెక్కడ ఉంది? దాన్ని ఆపడానికి మన విహారంలోని పిల్లల తరగతి ఏం చేయగలదు?

వచ్చే సమావేశానికి పిల్లలను కూడా తీసుకురండి. ఈ పాఠంలో మనం తప్పు చెప్పిన ఆట పేరు ఏదైనా ఉంటే వాళ్ళే దిద్దుతారు. దిద్దించుకుందాం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.